తెర అని రాసిన పట్టీ

ఆ వానాకాలమంతా మా ఇంట్లో ముగ్గురం ఒక అంకె మొహం చూసి బతికాం. కంప్యూటర్ తెర మీద, పైన ఎడమ మూల, పచ్చగా వెలిగే అంకె. అది అరవై దాటాలి. ఇరవై రెండు దగ్గర కూర్చుని లేవనంది.

ఆ అంకె సంగతి నాకు చెప్పింది మా కోడలే. ఆట తెర మీద పారే నీళ్ళలా కనిపిస్తుంది గానీ, నిజానికి అవి విడివిడి బొమ్మలట, ఒకదాని వెనక ఒకటి పడుతూ ఉంటాయట. సెకనుకి ఎన్ని పడుతున్నాయో ఆ అంకె చెప్తుంది. అరవై పడితే కదలిక నున్నగా ఉంటుంది. ఇరవై పడితే, గోడ చాటున ఉన్న శత్రువు మరుక్షణం మన ముక్కు ముందుంటాడు. మధ్యలో నడిచొచ్చింది కనపడదు. ఈలోగా మనం చచ్చి ఉంటాం. నాకు ఠక్కున అర్థమైంది. ముప్పై ఏళ్ళు రెడీమేడ్ బట్టల షెడ్డులో కుట్టు మిషను మీద పనిచేసినదాన్ని. అంగుళానికి పన్నెండు కుట్లు పడితే అతుకు గట్టిగా ఉంటుంది. నాలుగే పడితే తొడుక్కున్న రోజే నోరు తెరుస్తుంది.

“అయితే నీ ఆటకి కుట్లు దూరం పడుతున్నాయన్నమాట,” అన్నాను.

తను నవ్వి, ఇంత సులువుగా ఎవరికీ చెప్పలేకపోయానంది.

మా కోడలు పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో పనిచేస్తుంది. వయసు ముప్పై మూడు. సాయంత్రం ఆరున్నరకి ఇంటికొచ్చి, టీ తాగి, చెవులకి ఆ పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుందంటే ఎనిమిదిన్నర దాకా మాకు అందదు. ఐదుగురు ఆడవాళ్ళ జట్టు వాళ్ళది. ఒకరి గొంతు ఒకరికి తెలుసు గానీ ఎదురుపడితే గుర్తుపట్టలేరు. నాలుగేళ్ళుగా ఈమె అందులో అదనపు మనిషి, ఎవరైనా రాకపోతే ఆడే మనిషి. ఆ వానాకాలం ఒకావిడ మణికట్టు నొప్పితో తప్పుకుంది. కెప్టెన్ ఫోన్ చేసి, ఆరు ఆదివారాల పోటీలున్నాయి, నిలబడితే ఆ కుర్చీ నీదేనని చెప్పింది. ఎదురింటావిడ ఈ సంగతి విని, పెళ్ళయి పదేళ్ళయినా ఇంకా ఆటలేంటని మూతి తిప్పింది.

“కూర్చుని ఆడేదే కదండీ. మోకాళ్ళ నొప్పులొచ్చాక కూడా ఆడొచ్చు. మీరూ రండి,” అంది మా కోడలు.

మొదటి ఆదివారం పాత సరంజామాతోనే ఆడింది. ఆట కొత్తగా మారిందట, బరువెక్కిందట, మా పాత కంప్యూటర్ పెట్టె మొయ్యలేకపోయింది. అంకె ముప్పై నాలుగు. ఆ బుధవారం మా అబ్బాయి రెండు అట్టపెట్టెలు మోసుకొచ్చాడు. ఒకదాంట్లో పెద్ద మానిటర్, ఇంకోదాంట్లో గ్రాఫిక్స్ కార్డు. బొమ్మలు గీసే పని ఇన్నాళ్ళూ లోపలున్న చిన్న చిప్పే చేసేదనీ, ఇకనుంచి ఈ కార్డు చేస్తుందనీ చెప్పాడు. మా వాడు లిఫ్టు మెకానిక్కు. పెళ్ళయిన కొత్తలో భార్య ఆటని “నీ బొమ్మల యుద్ధం” అని వెక్కిరించినవాడు. అట్టపెట్టెలు కింద పెడుతుంటే వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఆమె వాటిని చాలాసేపు ముట్టుకోకుండా పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయింది.

వాడే విప్పాడు, వాడే బిగించాడు. కార్డంటే అరచేయంత ఉంటుందనుకున్నాను. ఇటుకంత ఉంది, రెండు ఫ్యాన్లతో. మూత బిగించాక వైర్లు గుచ్చడానికి టార్చి పట్టుకుని బల్ల కిందకి దూరాడు. ఆ బల్ల గోడకి అతుక్కున్నట్టుంటుంది. పెట్టె వెనక్కి చెయ్యి పోతుంది, తల సగమే పోతుంది. అయినా వాడు చిటికెలో పని ముగించి బయటికొచ్చాడు. ఎందుకంటే ప్రతి వైరుకీ, ప్రతి సాకెట్టుకీ నేను రాసిన పట్టీలున్నాయి.

ఆ పట్టీల సంగతి చెప్పాలి. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై ఎనిమిదో ఏట, మా ఆయన పోయిన మరుసటి సంవత్సరం. నేర్పింది కోడలు. రోజుకో మాట. క్లినిక్ నుంచి తెల్లటి ప్లాస్టరు చుట్ట తెచ్చేది. మాట దాని మీద రాసి, ఆ వస్తువుకే అంటించాలి. తలుపు. అద్దం. చీపురు. ఒకరోజు దుమ్ము తుడుద్దామని కంప్యూటర్ వైర్లన్నీ పీకేసి, ఏది ఎక్కడ పెట్టాలో తెలియక దిక్కులు చూస్తుంటే, అదీ ఒక పాఠమైంది. కరెంటు. ఎలుక. మానిటర్ అని రాయడం అప్పటికి నా వల్ల కాదు, అందుకని ‘తెర’. రెండే అక్షరాలు. సాకెట్టు పక్కన ఒకటి, వైరు మెడకి ఒకటి.

దాంతోపాటు ఇంట్లో ఒక నియమం పుట్టింది. అత్తయ్య రాసిందే చట్టం. మొదట్లో నేను ‘ఉప్పు’ అని రాసి, పంచదార ఉండే పెద్ద డబ్బాకి అంటించాను. కోడలు ఆ పట్టీ పీకలేదు. పంచదార తీసి చిన్న డబ్బాలో పోసి, పెద్ద డబ్బా నిండా ఉప్పు నింపింది. నాకు రెండు నెలల తర్వాత తెలిసింది. ముగ్గురం కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం. ఉప్పు మాత్రం ఆ పెద్ద డబ్బాలోనే ఉండిపోయింది.

సరే, మా అబ్బాయి స్విచ్చి వేశాడు. కొత్త మానిటర్ కిటికీ అంత ఉంది. పెట్టెలోంచి చప్పుడన్నదే లేదు. కార్డు ఫ్యాన్లు తిరుగుతున్నట్టే తెలియట్లేదనీ, మంచి సరుకు లక్షణం అదేననీ వాడు గర్వంగా చెప్పాడు. కోడలు ఆట తెరిచింది. మూల అంకె వెలిగింది. ఇరవై రెండు.

పాతదాని కంటే తక్కువ.

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకైతే, నిజం చెప్పాలంటే, కుతూహలం మొదలైంది. మనిషికి తోడుగా మనిషిని పెడితే పని తగ్గడమేంటి?

రెండో ఆదివారం పోయింది. సోమవారం నుంచి వెతుకులాట. ఎప్పుడు ఏం మార్చామో, అంకె ఎంతయిందో నోటుపుస్తకంలో రాసే పని నాకిచ్చింది కోడలు, చదువూ అవుతుంది లెమ్మని. నేనొక షరతు పెట్టాను. మా షెడ్డులో మిషను కుట్టు వదిలేస్తే ముందు సూది మార్చి చూసేవాళ్ళం. తర్వాత దారం. తర్వాత బిగువు. మూడూ ఒక్కసారే మారిస్తే మిషను బాగైనా జబ్బేంటో తెలియదు, వారం తిరక్కుండా మళ్ళీ అదే తంతు. కాబట్టి ఒకసారికి ఒకటే మార్చాలి. ఇద్దరూ ఒప్పుకున్నారు.

డ్రైవర్ కొత్తది వేశారు. ఏ బండికి అని అడిగి నవ్వులపాలయ్యాను. కార్డుతో మాట్లాడే ప్రోగ్రాముని అలా అంటారట. ఇరవై రెండు. ఆటలో నీడలు తీసేశారు. ఇరవై ఐదు. గోడకున్న వేరే ప్లగ్గులో పెట్టారు. ఇరవై రెండు. పెట్టె మూత తీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టారు. ఇరవై రెండు, నాకు జలుబు. పెద్ద మానిటర్ తీసేసి పాతది తగిలించారు. ముప్పై నాలుగు. పెద్ద తెరంటే పెద్ద బట్ట, దాన్ని నింపాలంటే పని ఎక్కువ, అందుకే చిన్నదానికి అంకె పెరిగిందని కోడలు చెప్పింది. మూడో ఆదివారం ఆ పాత మానిటర్‌తోనే ఆడి ఓడిపోయింది. ప్రతిసారీ మా వాడు వైర్లు పీకేవాడు, పట్టీలు చూసి మళ్ళీ గుచ్చేవాడు. నేను రాసుకునేదాన్ని.

చివరికి పెట్టెకి దుప్పటి చుట్టి, దాని మీద ప్లాస్టిక్ కప్పి, వానలో షాపుకి తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను, పుస్తకం పట్టుకుని. షాపతను కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, తన వైర్లు, తన మానిటర్ తగిలించి ఆట ఆన్ చేశాడు. తొంభై ఏడు. ఫ్యాన్ల చప్పుడు తేనెపట్టు కదిపినట్టు గుయ్యిమంది. మేం ముగ్గురం పెళ్ళి చూసినట్టు ఆ అంకెని చూస్తూ నిలబడ్డాం. ఇందులో జబ్బేమీ లేదు, మీ ఇంట్లో కరెంటు చూపించుకోండని అతను పంపించేశాడు.

ఇంటికొచ్చి పెద్ద మానిటర్ పెట్టారు. ఇరవై రెండు.

మా వాడు మీటరు పట్టుకుని రెండు సాయంత్రాలు ఇంట్లో వైరింగంతా చూశాడు. పక్కాగా ఉంది. నాలుగో ఆదివారం ఆట మొదలైన పావుగంటకే కోడలు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. ఒకవేళ ఈ కార్డే బలహీనమైందేమో, మనం తొందరపడి తెచ్చామేమో అని మెల్లగా అంది. ఆ ‘మనం’ అన్న మాట ఎవరి కోసం వేసిందో వాడికి తెలుసు.

“షాపులో తొంభై ఏడు. ఇంట్లో ఇరవై రెండు,” అన్నాడు వాడు, గొంతు పెంచకుండా. “మధ్యలో మారింది ఒక్కటే. దాని ముందు కూర్చునే మనిషి.”

ఆమె లేచి వెళ్ళి ఆరేసిన బట్టలు తెచ్చి మడతపెట్టింది. వాడి చొక్కాలు కూడా మడతపెట్టింది, ఎప్పటికన్నా నీటుగా.

అక్కణ్ణించి వాళ్ళ మాటలన్నీ నా మీదుగా నడిచాయి. అమ్మా, బండి తాళం ఎక్కడుందో అడుగు. అత్తయ్యా, మేకుకే ఉందని చెప్పండి. ముగ్గురం ఒకే గదిలో కూర్చుని ఉండేవాళ్ళం. రెండోరోజు నేను, ఇదంతా కాగితం మీద రాసివ్వండర్రా, నాకు చదువుకోడానికైనా పనికొస్తుందన్నాను. ఇద్దరికీ నవ్వొచ్చింది గానీ ఇద్దరూ మింగేశారు.

గురువారం కెప్టెన్ ఫోన్ చేసింది. ఆవిడ మంచిదే. ఐదో ఆదివారం ఆడతావా, లేక వేరే అమ్మాయిని కూర్చోబెట్టనా, శనివారం సాయంత్రానికల్లా చెప్పమంది. కోడలు ఫోన్ పెట్టేసి చాలాసేపు తన వేళ్ళు ముడుస్తూ, చాపుతూ చూసుకుంది.

“వయసుతో వేళ్ళు నెమ్మదిస్తాయా అత్తయ్యా?”

“యాభై ఐదో ఏట నేను రోజుకి ఎనభై కాలర్లు కుట్టాను,” అన్నాను.

అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

శనివారం తనకి మధ్యాహ్నం దాకే డ్యూటీ. అన్నం తిన్నాక ఫోన్ చేతిలో పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. నేను కింద కూర్చుని నా పుస్తకం మొదటి పేజీ నుంచి చదువుకుంటున్నాను. చిన్నప్పుడు చదువుకున్నవాళ్ళు తాము రాసింది మళ్ళీ చదవరనుకుంటాను. నాకు అప్పటికింకా చదవడమే ఒక సరదా, అది నా రాతే అయినా సరే. వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ వెళ్తున్నాను. ఒకచోట వేలు ఆగింది. పేజీలు వెనక్కి తిప్పాను. మళ్ళీ ముందుకి తిప్పాను.

“అమ్మాయ్, కార్డు రాకముందు అంకె ఎంత?”

“ముప్పై నాలుగు.”

“కార్డు వచ్చాక, పాత మానిటర్ పెట్టినప్పుడు?”

తను ఫోన్ దించింది. “ముప్పై నాలుగే.”

మా షెడ్డులో ఒకసారి ఇలాగే జరిగిందని చెప్పాను. కాలర్ల పనికి పాతావిడకి తోడుగా కొత్త మనిషిని ఇచ్చారు. మంచి పనిమంతురాలు. సాయంత్రం లెక్క చూస్తే కాలర్లు నిన్నటి అన్నే ఉన్నాయి. సూపర్‌వైజరు ఆ పిల్లని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. మూడోరోజు తెలిసింది, కత్తిరించిన కాలర్ల కట్టలన్నీ అలవాటు కొద్దీ పాతావిడ బల్ల మీదే వేస్తున్నారు. ఈ పిల్ల చేతులు కట్టుకుని కూర్చుంది, అడగడానికి సిగ్గుపడి. పని ఎక్కువైనా తక్కువైనా అంకె మారుతుంది. ఏమాత్రం మారలేదంటే, ఆ మనిషి దాకా పని అందట్లేదనే అర్థం.

కోడలు వెళ్ళి ఆట ఆన్ చేసి ఆడటం మొదలుపెట్టింది. నేను బల్ల కిందకి దూరి పెట్టె వెనక చెయ్యి పెట్టాను. పనిచేసే మోటారు వేడెక్కుతుంది. అది ముప్పై ఏళ్ళు నా మోకాలికి తెలిసిన సంగతి. పైభాగం నుంచి వెచ్చగా గాలి వస్తోంది. కింద, కార్డు ఉన్నచోట, ఇనుము చల్లగా ఉంది, పొద్దున్నే ముట్టుకున్న కిటికీ ఊచలా. పది నిమిషాలు ఆగి మళ్ళీ చూశాను. చల్లగానే ఉంది. షాపులో గుయ్యిమన్న ఫ్యాన్లు ఇక్కడ అసలు తిరగట్లేదు. మేం మంచి సరుకు లక్షణం అనుకున్నది అదీ.

“దీనికి పని అందట్లేదు,” అన్నాను కింద నుంచే.

ఇద్దరం కలిసి బల్లని ముందుకి జరిపాం. కోడలు టార్చి తెచ్చి నా పక్కనే నేల మీద బోర్లా పడుకుంది. వెలుతురు పెట్టె వెనక మీద పడింది. కింది భాగంలో, కార్డుకి, వరసగా మూడు సాకెట్లున్నాయి. వాటికున్న చిన్న నల్ల మూతలు కూడా తియ్యలేదు. పైభాగంలో ఒక సాకెట్టులో మానిటర్ వైరు ఉంది. దాని పక్కన తెల్లటి ప్లాస్టరు పట్టీ, అంచులు నల్లబడి, వంకరటింకరగా రెండక్షరాలు.

తెర.

నాకు చదవడం వచ్చు కదా. చదివాను.

కోడలు టార్చిని పక్కకి తిప్పింది.

“వైరు వదులైనట్టుంది అత్తయ్యా,” అంది. చీకట్లోనే చెయ్యి పెట్టి, ఒక నల్ల మూత పీకి, వైరు మార్చింది. ఇద్దరం లేచి చీరలకి అంటిన దుమ్ము దులుపుకున్నాం. పెట్టె గుయ్యిమంది. మూల అంకె వెలిగింది. తొంభై నాలుగు. తను కుర్చీలో కూర్చోకుండా, నిలబడే ఒక్క నిమిషం ఆడింది. తర్వాత ఫోన్ తీసి కెప్టెన్‌కి, రేపు నేనే ఆడుతున్నానని చెప్పింది. పుస్తకంలో తొంభై నాలుగు వేశాను. పక్కన ఏం మార్చామో రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేశాను.

సాయంత్రం మా వాడు వచ్చాడు. వారమంతా నా మీదుగా మాట్లాడిన మనిషి నేరుగా వాడితోనే చెప్పింది, వైరు వదులైంది, సరిచేశాం, ఇప్పుడు బాగుందని. వాడు తడిసిన చొక్కా కూడా విప్పకుండా వెళ్ళి ఆ అంకె చూశాడు. చూసి గోడకి ఆనుకున్నాడు.

“బిగించాననుకున్నానే,” అన్నాడు. “నేనే సరిగ్గా బిగించలేదన్నమాట. ఇన్ని రోజులు నిన్ను…”

లిఫ్టు మెకానిక్కుకి వైరు వదులుగా వదిలేశావనడం కన్నా పెద్ద మాట లేదు. కోడలు నేల చూపులు చూస్తోంది. నేనూరుకుంటే అక్కడితో అయిపోయేది. వాడు తప్పు ఒప్పుకునేవాడు, ఆమె పోనీలెమ్మనేది, ఇద్దరూ కలిసిపోయేవాళ్ళు. ఉప్పు పెద్ద డబ్బాలోనే ఉండేది.

“వదులు కాదురా,” అన్నాను. “నేను పట్టీ అంటించిన చోట పెట్టావు. కార్డుది కింద. నా పట్టీ పైదానికుంది.”

వాడు వంగి బల్ల కిందకి చూశాడు.

“కింద సాకెట్లు చూశానమ్మా,” అన్నాడు తర్వాత. “మొదటిరోజే చూశాను. ఇవెందుకున్నాయా అనుకున్నాను కూడా. నీ పట్టీ ఉంది కదాని…” వాళ్ళ పనిలో ట్యాగు ఎక్కడుంటే వైరు అక్కడికే వెళ్ళాలట. ట్యాగుని పక్కన పెట్టి సొంత తెలివి చూపిస్తే లిఫ్టు పైకి పోవాల్సింది కిందకి పోతుందట.

“వాడు చూసి కూడా మార్చలేదు. నువ్వు చూసి కూడా చెప్పలేదు,” అన్నాను. “ఇకమీద నా రాత తప్పయితే తప్పని చెప్పండి. పంచదార మార్చొద్దు.”

ఎవరూ నవ్వలేదు. కోడలు లోపలికి వెళ్ళి ప్లాస్టరు చుట్ట, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. పాత పట్టీ పీకనా అని అడిగింది. వద్దన్నాను. బల్ల కింద పడుకుని, మా వాడు టార్చి పట్టుకుంటే, దాని కిందనే ‘కాదు’ అని రాశాను. ఇంకో ముక్క చింపి, కార్డు సాకెట్టు పక్కన అంటించాను. ఈసారి ‘మానిటర్’ అని రాశాను. నాలుగక్షరాలు, ఒక్కటీ వంకర పోలేదు.

మా వాడు క్షమించమని నోటితో అన్నాడో లేదో నాకు తెలియదు, నా ఎదుట అనలేదు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం వంటింట్లోంచి స్టూలు తెచ్చుకుని ఆమె కుర్చీ వెనక కూర్చున్నాడు. గంటన్నర కదల్లేదు. ఎదురింటావిడ గొడుగు మూస్తూ వచ్చి, ఏంటి అందరూ ఒకే గదిలో ఉన్నారని అడిగింది.

“మా జట్టు ఆడుతోంది,” అన్నాడు వాడు, తల తిప్పకుండా.

ఆ రోజు ఓడిపోయారు, కానీ చివరిదాకా నిలబడింది మా కోడలే. ఆరో ఆదివారం గెలిచారు. కెప్టెన్ ఫోన్ చేసి, కుర్చీ నీదేనని చెప్పింది. తను వేళ్ళు చూసుకోవడం మానేసింది.

ఆ మర్నాడు పొద్దున వాన వెలిసింది. టీ పెడదామని వంటింట్లోకి వెళ్ళి, అలవాటుగా చిన్న డబ్బా తీస్తే అందులో ఉప్పుంది. పెద్ద డబ్బా మూత తీశాను. నిండా పంచదార. బయట నా ‘ఉప్పు’ పట్టీ అలాగే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు.

పక్కనే పెన్ను పెట్టి ఉంది.